సంచిలో ఎముకలే ఉండాలి

దెబోరా టర్కీ కోడి మీద పంతం పట్టింది పాస్టర్ గారి ప్రసంగం విని కాదు, చెత్త సంచి చూసి.

అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో అద్దె హాలులో నడిచే తెలుగు చర్చి వాళ్ళది. నవంబరు చివర అందరూ టర్కీ వండుకునే థాంక్స్‌గివింగ్ పండగ కూడికకి అరవై మంది దాకా వస్తారు. పోయినేడు టర్కీ వండే పని దెబోరా తానే అడిగి తీసుకుంది. పాస్టర్ గారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "బాగుందమ్మా" అన్నారు. మిగతావాళ్ళు మొహమాటానికి గోరంత వేసుకుని జయంతి బిర్యానీ దగ్గర బారులు తీరారు. భోజనాలయ్యాక సంచి మూతి కట్టబోతూ దెబోరా లోపలికి చూసింది. కాగితపు ప్లేట్ల మధ్య తన టర్కీ ముక్కలు, ఒక్క కొరుకు కొరికి వదిలేసినవి. ప్రాణం చివుక్కుమంది.

పక్కనే ఉన్న జయంతి కూడా చూసింది. "అలవాటు లేని వంటలు మనకెందుకమ్మాయ్? పాపం, ఎవరికీ కాకుండా పోయింది పక్షి" అంది.

జయంతి చెడ్డ మనిషేం కాదు. పదేళ్ళుగా ప్రతి కూడికకీ తెల్లవారక ముందే లేచి బిర్యానీ వండి తెస్తోంది. అయినా ఆ మాట దెబోరాకి ముల్లులా దిగింది. వచ్చే ఏడు ఈ సంచిలో ఎముకలే ఉండాలి అని అక్కడే అనుకుంది. జయంతికి ఇవ్వాల్సిన జవాబు కూడా అక్కడే తయారైంది. "ఈసారి సంచిలో ఏముందో చూడక్కా!" ఆ ఒక్క ముక్కని ఏడాది పొడవునా నాలుక చివర పెట్టుకుని తిరిగింది.

ఈ అక్టోబరులో చర్చివాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, ఈ ఏడు టర్కీ మానేద్దామన్నారు. దెబోరా లేచి నిలబడింది. ఇంకొక్క అవకాశం ఇమ్మంది. "సరేనమ్మా. ఈసారి కూడా మిగిలితే మాత్రం ఇక టర్కీ ఊసు ఎత్తొద్దు" అన్నారు పాస్టర్ గారు, నవ్వుతూనే.

తప్పంతా ఓవెన్‌దే అని దెబోరా నమ్మకం. ఇంట్లో వండితే ఎండిపోయింది కాబట్టి బయట వండాలి. ఎలా వండాలన్నదే తేలాలి. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పన్నెండేళ్ళుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటోంది. మూడు శనివారాలు, మూడు టర్కీలు, మూడు రకాల మంట అని ప్లాన్ వేసింది. మసాలా మారకూడదు, బరువు మారకూడదు, మంట ఒక్కటే మారాలి.

"మూడు వారాలూ మనమే తినాలా?" అని భర్త జోసఫ్ బిక్కమొహం వేశాడు.

"తినాలి. టెస్టింగ్ అంటే అంతే మరి" అంది దెబోరా.

మొదటి శనివారం నూనెలో వేయించారు. పెరట్లో ఇంటికి దూరంగా గ్యాస్ పొయ్యి, దాని మీద పెద్ద డేగిసా, దాన్నిండా వేరుశెనగ నూనె. అమెరికావాళ్ళు పక్షిని పొడి పొడిగా తుడిచి నూనెలోకి దించుతారు. దెబోరా టర్కీ మాత్రం పెరుగులో, అల్లం వెల్లుల్లిలో మునిగి, చుక్కలు కారుస్తూ వచ్చింది. జోసఫ్ మంట ఆపి, పొడవాటి కొక్కేనికి దాన్ని తగిలించి మెల్లగా దించాడు. అంతే, నూనె భుస్సున పొంగి డేగిసా అంచులు దాటి గడ్డి మీద పడింది. కొక్కెం వదిలేసి జోసఫ్ వేసిన గంతుకి కూతురు క్రిస్టీ ఇప్పటికీ నవ్వుతుంది. నూనె చల్లబడేదాకా ఆగి, మళ్ళీ పొయ్యి వెలిగించి నలభై నిమిషాల్లో ముగించారు. తోలు కరకరలాడింది. లోపల మాత్రం కొబ్బరి పీచు.

రెండో శనివారం పొగ. జోసఫ్ ఆఫీసు స్నేహితుడి దగ్గర మాంసాన్ని పొగలో వండే పెట్టె అడిగి తెచ్చారు. హికరీ అనే చెట్టు చెక్కలు వేసి సన్నటి వేడి మీద ఆరు గంటలు ఉంచారు. రంగు చూస్తే ముచ్చటేసింది. క్రిస్టీ "సూపర్ స్మెల్ మమ్మీ" అంది. జోసఫ్ మాత్రం ఒక ముక్క నమిలి, "పాలు మాడిపోయిన గిన్నెలో తిన్నట్టుంది" అన్నాడు. చర్చిలో పెద్దవాళ్ళు కూడా ఇదే అంటారని దెబోరాకి తెలుసు. వాసన సంగతి అలా ఉంచితే, లోపల మళ్ళీ పీచే.

మూడో శనివారానికి బొగ్గుల మంట మిగిలింది. గుండ్రటి గ్రిల్‌లో బొగ్గులు రెండు పక్కలకీ సర్ది, నడుమ ఖాళీలో ట్రే పెట్టి, దాని పైన పక్షిని ఉంచి మూత వేయాలి. దెబోరా ఎప్పటిలాగే కత్తి తీసుకుని టర్కీకి గాట్లు పెట్టడం మొదలుపెట్టింది. నరసాపురంలో పుట్టి పెరిగిన మనిషి. చేపకైనా కోడికైనా గాట్లు పెట్టకుండా మసాలా పట్టించడం ఆమె ఎరగదు. కుడివైపు అయ్యేసరికి ఆఫీసు నుంచి ఫోన్, ఏదో ఆగిపోయిందని. చేతులు కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. అది తేలేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోపు జోసఫ్, అంతా అయిపోయిందనుకుని, మసాలా పూసి పక్షిని గ్రిల్ ఎక్కించేశాడు.

మధ్యాహ్నం ముగ్గురూ తిన్నారు. క్రిస్టీ రెండోసారి వడ్డించుకుంది. ఆ ఇంట్లో టర్కీకి అలాంటి మర్యాద అంతకు ముందెప్పుడూ జరగలేదు.

"మమ్మీ, ఈ సైడ్ గుడ్ ఉంది. ఆ సైడ్ మళ్ళీ డ్రై."

"ఒకే పక్షి, ఒకే మంట. రెండు రకాలుగా ఎలా ఉంటుందే?" అని దెబోరా చేయి చాచింది. ఎడమవైపు ముక్క వేళ్ళ మధ్య మెత్తగా నలిగి రసం కారింది. కుడివైపుది పీచులు పీచులుగా విడిపోయింది. కుడివైపు తోలు మీద ఆమె పెట్టిన గాట్లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పక్షిలోని నీరంతా ఆ దారినే కారి ట్రేలోకి పోయింది.

దెబోరా నెత్తి మీద చేయి పెట్టుకుంది. ఓవెన్‌ని తిట్టింది, నూనెని తిట్టింది, పొగని తిట్టింది. మంటని మార్చి మార్చి చూసింది గానీ, నాలుగుసార్లూ మారకుండా ఉన్న తన కత్తిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఇదే తప్పు ఆఫీసులో కుర్రాళ్ళు చేసి ఉంటే చీల్చి చెండాడేది.

థాంక్స్‌గివింగ్ రోజు సన్నటి జల్లు పడుతోంది. హాలు వెనక పార్కింగ్‌లో రేకు చూరు కింద రెండు గ్రిల్స్ పెట్టారు. రెండు రోజుల ముందే దెబోరా పక్షుల తోలుని చేత్తో వదులు చేసి, వెన్న, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి లోపలికి పూసి ఉంచింది. కత్తి ముట్టలేదు.

బిర్యానీ గిన్నె దింపించి జయంతి అటువైపు వచ్చింది. "అదేంటమ్మాయ్, గాట్లేవీ? ఉప్పూకారం ఎట్టా పట్టుద్ది? ఇప్పుడైనా నాలుగు పెట్టు, పర్లేదు."

దెబోరా చేయి నిజంగానే కత్తి వైపు వెళ్ళింది. ఇరవై ఏళ్ళ అలవాటు అది. తను చూసింది ఒక్క పక్షిని, అందులోనూ సగాన్ని. దాన్ని నమ్ముకుని అరవై మంది ముందు నిలబడటం పిచ్చితనమేమో! కత్తి తీసి క్రిస్టీ చేతికిచ్చి, "ఇది కార్‌లో పెట్టి లాక్ చెయ్యి. నేను అడిగినా ఇవ్వకు" అంది.

ఆ తర్వాత మూడు గంటలు కుర్చీ వేసుకుని కాపలా కాసింది. వచ్చిన ప్రతి పెద్దమనిషీ "అయ్యిందామ్మా?" అంటూ మూత ఎత్తబోవడమే. మూత ఎత్తితే వేడంతా పోతుందని ఒకరికి మెల్లగా చెప్పింది, ఇద్దరికి గట్టిగా చెప్పింది, నాలుగో ఆయనకి పట్టకారు చూపించింది. గాలికి బొగ్గులు చల్లబడ్డప్పుడల్లా కొత్తవి వేసింది. లోపల ప్రార్థన మొదలైతే ఇక్కడి నుంచే పాల్గొంది, కళ్ళు మాత్రం మూయలేదు. దించాక కూడా, రసం ముక్కలోకి ఇంకాలని, అరగంట ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆ తర్వాతే కత్తి అడిగితే, ఇవ్వనా మాననా అని క్రిస్టీ కాసేపు సతాయించింది.

కోసిన మొదటి ముక్క నుంచి రసం బల్ల మీదికి జారింది. పాస్టర్ గారు ఈసారి నీళ్ళు అడగలేదు, ఇంకో ముక్క అడిగారు. పిల్లలు మూడోసారి వరసలో నిలబడ్డారు. పోయినేడు గోరంత వేసుకున్నవాళ్ళే ఎముకలు చీకుతూ "ఎట్లా చేశావమ్మా?" అని వెంటపడ్డారు. దెబోరాకి ఆకలి గుర్తు లేదు.

హాలు పలచబడ్డాక చెత్త సంచి దగ్గరికి నడిచింది. ఏడాదిగా ఎదురుచూసిన నడక అది. వంగి చూసింది. తను అనుకున్నట్టే, టర్కీవన్నీ ఎముకలే. నున్నగా, తెల్లగా ఉన్నాయి.

ఎముకల కింద బిర్యానీ ఉంది. ప్లేట్లకి ప్లేట్లు, ముద్ద కూడా కదపకుండా పారేసినవి. కడుపు టర్కీతో నిండిపోయినవాళ్ళు మొహమాటానికి వేసుకుని వదిలేసింది అదంతా.

"ఉండమ్మాయ్, సంచి నేను కడతా. పొద్దుట్నించీ నిలబడే ఉన్నావ్" అంటూ జయంతి చేతులు తుడుచుకుంటూ వస్తోంది.

నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది. దెబోరా చప్పున నాలుగు పేపర్ నాప్‌కిన్‌లు లోపల పడేసి, సంచి మూతి బిగించి రెండు ముళ్ళు వేసింది. చాలదనిపించి మూడోది కూడా వేసింది.

"నేను కట్టేశాలే అక్కా" అంది. "నేనింకా ఏమీ తినలేదు. నీ బిర్యానీ ఉందా, లేక అందరూ ఊడ్చేశారా?"

జయంతి మొహం విప్పారింది. "నీకు పెట్టకుండా ఎట్టా ఉంటా? రా, కూర్చో" అని గిన్నె వైపు నడిచింది.

దెబోరా సంచి మోసుకెళ్ళి బయట పెద్ద చెత్తడబ్బాలో పడేసి వచ్చి కూర్చుంది. జయంతి వడ్డించినంతా తిని, ఇంకోసారి పెట్టించుకుంది. ప్లేటులో ఒక్క మెతుకు కూడా వదల్లేదు.