టి అక్షరానికి రెండు అర్థాలు

లోహిత, గిరి తిరుపతిలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. సెలవు రోజుల్లో ఇద్దరూ కలిసి ‘మూట’ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. చాలా ఫైళ్లను ఒక్క ఫైలుగా కట్టడం, కావలసినప్పుడు విప్పడం దాని పని. ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్లో పెట్టారు. నొక్కడానికి బటన్లుండవు, నల్లని తెర మీద ఆదేశం టైపు చెయ్యాలి. కట్టే భాగం గిరి రాశాడు, విప్పే భాగం లోహిత రాసింది. పొడుగు మాటలకు బదులు ఎవరికి తోచిన ఇంగ్లీషు అక్షరాలు వాళ్లు పెట్టుకున్నారు. లోహిత భాగంలో టి అంటే తావు. ఫైళ్లు ఎక్కడ పెట్టాలో దాని పక్కన రాయాలి. గిరి భాగంలో అదే టి అంటే తీసెయ్. మూట కట్టాక అసలు ఫైళ్లను తుడిచెయ్యమని. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

లోహిత స్నేహితురాలు కోమలిది వడమాలపేట. వీధినాటకాల పద్యాలు సేకరిస్తుంటుంది. ఐరాల దగ్గర తిరుమలయ్య అనే ముసలాయన దుర్యోధన వేషానికి పేరున్నవాడు. ఆయన పద్యాలన్నీ రికార్డు చేసింది. తరువాత ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. ఇప్పుడు గుసగుస తప్ప మాట రాదు.

ఒక ఆదివారం కోమలి ఆ రికార్డులను మూట కట్టబోయింది. వాటి నకలు విడిగా ఒక హార్డ్ డిస్కులో కూడా ఉంది. మూటను ఆ డిస్కులోనే పెట్టాలనుకుని, విప్పేటప్పటి అలవాటుతో టి కొట్టి డిస్కు పేరు రాసింది. ప్రోగ్రాం ఆ పేరును కూడా కట్టవలసినదిగానే తీసుకుంది. రెండు చోట్ల ఉన్నవీ కట్టి, రెండు చోట్లా తుడిచేసింది. డిస్కులో మూట కనబడకపోయేసరికి ఏదో తప్పు జరిగింది అనుకుని, కోమలి కంప్యూటర్లో పడిన మూటను చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. ‘కట్టడానికి ఫైళ్లు లేవు’ అని వచ్చింది.

“లోహితా, తిరుమలయ్య పద్యాలు యాడా లేవు. డిస్కులో గూడా లేవు,” అంది ఫోనులో.

“ఏం టైపు చేసినావో సదువు.”

కోమలి చదివింది. లోహిత బండి తాళం తీసుకుంది. “ఇంక దాన్ని ముట్టుకోవద్దు. ఆపెయ్. నేనొస్తా ఉండా.”

చెరిగిన ఫైళ్లను వెలికి తీసే ఢిల్లీబాబు చాలావరకు రాబట్టాడు. రాయబారం పద్యాలు మాత్రం రాలేదు.

“టి అంటే ఏందో నేను రాసే పెట్టినా కదా. సదవకుండా కొడితే నేనేం చేసేది?” అన్నాడు గిరి.

“నా భాగంలో నేర్చుకున్న అక్షరం నీ భాగంలో కొట్టింది. ఆమె తప్పేముండాది? టి అంటే రెండు దిక్కులా తావే అని పెడదాం.”

“ఇప్పుడు మారిస్తే పాతవాళ్ల పనులన్నీ ఆగిపోతాయి.”

“ఆగితే సూసుకుంటారు. పోతే యాడ సూసుకుంటారు?”

గిరి ఒప్పుకోలేదు. కానీ ఐరాలకు పోయి సంగతి చెప్పాలని కోమలి అన్నప్పుడు, తనూ వస్తానన్నాడు.

తిరుమలయ్య అంతా విని భార్య చెవిలో ఏదో అన్నాడు. తిరుమలమ్మ నవ్వింది.

“రాయబారంలో రాగం ఎప్పుడూ దిగజారతా ఉండె, అది పోతే పోనిమ్మంటా ఉండాడు.”

కోమలి నవ్వలేకపోయింది. ఆయన ఆమె చేతిలోని ఫోను చూపించి, దగ్గరకు రమ్మని సైగ చేశాడు. రాయబారం పద్యాలు గుసగుసగా మొదలుపెట్టాడు. రాగం లేదు, మాటలే. ఫ్యాను చప్పుడులో వినబడటం లేదని గిరి లేచి దాన్ని ఆపేశాడు. దగ్గు వచ్చి ఆయన ఆగిన చోట తిరుమలమ్మ తరువాతి పద్యపాదం అందుకుంది. పూర్తయ్యేసరికి అందరికీ చెమటలు పట్టాయి.

మరుసటి వారం గిరి తన భాగం తనే తిరగరాశాడు. టి ఎక్కడైనా తావే. తుడిచే పనికి అసలు అక్షరమే లేదు. మాటంతా టైపు చెయ్యాలి, మూట సరిగ్గా విప్పుకుంటుందని చూసుకున్నాకే ప్రోగ్రాం తుడుస్తుంది. టి పక్కన చోటు పేరు లేకపోతే ఏ పనీ చెయ్యకుండా ఆగి, ఎందుకు ఆగిందో చెబుతుంది.

ఏర్పేడులో చదివే స్రవంతి అనే అమ్మాయి నుంచి కోపంగా మెయిల్ వచ్చింది. తన పని మధ్యలో ఆగిపోయిందట, చెప్పకుండా ఎందుకు మార్చారని అడిగింది. జవాబు గిరి రాశాడు. ముందుగా చెప్పకపోవడం తమ పొరపాటేనన్నాడు. ఏ వరుసలో ఏం మార్చాలో చెప్పాడు. ఎందుకు మార్చారో చెప్పడానికి తిరుమలయ్య సంగతంతా రాసి, మళ్లీ చదువుకుని, అది తీసేసి పంపాడు.