బండి మేస్తున్నంతసేపు

వాంజె కాలు మీదుగా సామాన్ల ట్రాక్టరు వెళ్ళడం చెంగో తన కళ్ళతో చూశాడు.

మిట్టమధ్యాహ్నం. వాంజె తన బండికి చార్జింగు పెట్టి దాని నీడలోనే చతికిలబడ్డాడు. విమానాలు ఆగే చోట వేరే నీడెక్కడిది? వెనక్కొస్తున్న ఇంకో బండివాడు చూసుకోలేదు. మోకాలి కింద ఎముక పిండయింది.

దెబ్బ పనిలో తగిలిందా, బయట తగిలిందా అని ఆస్పత్రిలో అడిగారు. పనిలోనే అని కంపెనీ ఒప్పుకుంటే దాని ఖర్చుతో ఆపరేషను. లేకపోతే లేదు.

"ఆ టైములో అతను డ్యూటీలో లేడు" అన్నాడు మేనేజరు.

రూలు చూస్తే అంతే మరి. డీజిలు బండ్లు పోయి కరెంటు బండ్లు వచ్చినప్పుడు అందరూ సంతోషించారు. చెంగో మరీనూ. ఏళ్ళ తరబడి పొగ మింగిన ఛాతీ అతనిది. దగ్గకుండా పడుకోవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఆ సంతోషం తీరకముందే కొత్త రూలు పెట్టారు. బండికి ప్లగ్గు పెట్టగానే హాజరు మిషను మీద వేలు పెట్టాలి. అక్కడితో కూలి ఆగిపోతుంది. ప్లగ్గు తీశాక మళ్ళీ వేలు పెడితే మొదలవుతుంది. మధ్యలోది విశ్రాంతట. కానీ బండి దగ్గర్నుంచి కదలకూడదట, దొంగలు వైర్లు కోసుకుపోతారని.

ఆ సాయంత్రం గేటు అవతల తిండి పాకలో అందరూ చేరారు. కొబ్బరిపాలల్లో ఉడికిన కందులు చల్లారిపోతున్నాయి.

"ఆ చార్జింగు స్తంభాలు పగలగొట్టేద్దాం. పీడా పోతుంది" అన్నాడు ముటిండా. కుర్రాడు, వేడి రక్తం.

"స్తంభం నిన్నేం చేసిందిరా? పొగబండ్లు మళ్ళీ తెచ్చి నా ఛాతీ మీద తోలుతావా?" అన్నాడు చెంగో.

"మరేం చేద్దాం తాతా? దానికి మొక్కుదామా?"

జుమ్వా గిన్నె పక్కకి జరిపింది. ఆమెదీ ట్రాక్టరు పనే. వాంజె ఆమెకి సొంత తమ్ముడు.

"మా నాన్న ఊళ్ళోవాళ్ళ ఆవులు కాసేవాడు" అంది. "ఆవు మేస్తున్నంతసేపు కాపరికి కూలి లేదన్నవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

"మన ఆవులు మేలుజాతివి అక్కా, కరెంటు మేస్తాయి" అన్నారెవరో. నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"బండి మేసేటప్పుడు మనం డ్యూటీలో లేమంటున్నారుగా. సరే, లేం. రేపు పెద్ద విమానం దిగే వేళకి అందరం ఒక్కసారే ప్లగ్గులు పెడదాం. వేలు పెట్టి బయటికొచ్చేద్దాం" అంది జుమ్వా.

"ఉద్యోగాలు ఊడతాయి."

"ఊడతాయి" అంది జుమ్వా. దాచలేదు.

అలిసిపోయినవాడికి ధైర్యం తెచ్చుకోడానికి కూడా ఓపిక కావాలి. ఇవన్నీ ఎందుకు, ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండునని ఉంది చెంగోకి. అయినా చెయ్యెత్తాడు. భుజం నొప్పెట్టింది.

మర్నాడు విమానం దిగింది. సామానంతా దాని పొట్టలోనే ఉండిపోయింది. ట్రాక్టర్లన్నీ స్తంభాల దగ్గర వరసగా ఉన్నాయి. మనుషులు వాటిని వదిలి దూరంగా గోడవార నీడలో కూచున్నారు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏం వేషాలివి? తియ్యండి బండ్లు!"

"చార్జింగవుతోంది సార్" అన్నాడు ముటిండా.

"నిండిపోయింది! పచ్చలైటు కనబడట్లేదూ?"

"డ్యూటీలో లేనప్పుడు మాకు రంగులు కనబడవు సార్."

మేనేజరు మొహం కందగడ్డయింది. కాసేపటికి మెత్తబడి జుమ్వా ముందు గొంతుక్కూచున్నాడు. "చూడమ్మా, నీ తమ్ముడి కాలు నేను చూసుకుంటా. నా సొంత జేబులోంచి. ఇవాళే ఆపరేషను. వీళ్ళని లేవమను."

ఊఁ అనవే తల్లీ, అనుకున్నాడు చెంగో మనసులో. అందరం ఇళ్ళకి పోదాం.

జుమ్వా తన అరచేతులకేసి చూసుకుంది. "రేపు ఈ పెద్దాయన కాలు పోతే? అప్పుడూ మీ జేబే తడుముకోవాలా? దయ వద్దు సార్. వాడు పనిలో ఉన్నాడనండి. ఆ ఒక్క మాట చాలు."

"అది నా చేతిలో లేదు."

"చేతిలో లేనప్పుడు లేచెళ్ళండి. మా గాలికి అడ్డం."

గట్టిగానే అంది.

పోలీసులొచ్చారు. "ఎవడు మీ నాయకుడు?"

జుమ్వా లేవబోయింది. చెంగో ఆమె భుజం నొక్కి తను లేచాడు. "నువ్వు కూచో. ఆస్పత్రిలో నీ తమ్ముడికి అన్నం పట్టుకెళ్ళాలి" అన్నాడు.

బేడీలు తెచ్చిన పోలీసు చిన్నవాడు. ఎదురుగా తల నెరిసిన మనిషి కనబడేసరికి అలవాటుకొద్దీ "షికమో" అనేశాడు, పెద్దలకి పెట్టే దణ్ణం. "మరహబా నాయనా" అని దీవించి చెంగో రెండు చేతులూ చాపాడు.

జీపు గేటు దాకా వెళ్ళి ఆగింది. దారికి అడ్డంగా జనం. విమానాలకి భోజనాలు తోలే బండ్లవాళ్ళు. వాళ్ళ కంపెనీ వేరు. వాళ్ళవీ కరెంటు బండ్లే, వాళ్ళకీ అదే రూలు. బండ్లు స్తంభాలకి కట్టేసి వచ్చి నడిరోడ్డు మీద, ఎండలో కూచున్నారు.

"వీళ్ళకేమైంది? వీళ్ళ మనిషికి కాదుగా దెబ్బ తగిలింది?" అన్నాడు చిన్న పోలీసు.

చెంగో ముందుకి వంగి వాళ్ళనే చూశాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి బేడీలు.

డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముందు వరసలో ఉన్నావిడ లేచింది. ఒంటిమీది గుడ్డ సర్దుకుని, ఇంకాస్త ముందుకొచ్చి, జీపు చక్రం పక్కనే కూచుంది.