రెండు రికార్డులు

"గీత పడితే ఒక్కటి గూడ కొనడు. జర మెల్లగ తుడువు" అని చెప్పి మా ఆయన అమరేందర్ నకిరేకల్ సెంటర్‌కు బండి తీశాడు. పాత రికార్డులు కొనే హైదరాబాదు ఆయన పదకొండింటికి వస్తాడట. మామ మైకుసెట్టు నాటి రికార్డులు, డీజే నేర్చుకుంటానని అమరేందర్ కొని, ల్యాప్‌టాప్ రాగానే మూలకేసిన రికార్డులు తిప్పే రెండు మిషన్లు, అన్నీ పోతాయి.

పద్నాలుగేళ్లుగా ఈ డీజే షాపులో వైర్లు చుట్టేది నేను. బాక్సులు తుడిచేది, బరాత్ నుంచి వచ్చిన కూలీలకు వండేది నేను. "ఇంట్ల ఉండేదానివి, నీకేం పనుంటది?" అంటాడు. నెల కింద నేర్పమని అడిగితే గిరాకీల ముందే నవ్వాడు. "మా ఇంటిది డీజే కొడ్తదట!" ఆ రోజు నుంచి అతను లేనప్పుడల్లా హెడ్‌ఫోన్ పెట్టుకొని ఈ మిషన్లతో కుస్తీ పడుతున్నాను. రెండు పాటలను ఒక్కటిగా కలపడం ఒక్కసారీ కుదరలేదు. ఇష్టమైన పాటలే ఏరుకున్నాను మరి. పాట మీద పాట పడి తోడికోడళ్లిద్దరూ ఒకేసారి అరిచినట్టుండేది.

ఇంకో గంటే. పుట్టింట్లో నాయిన నేస్తుంటే పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టేదాన్ని. "మగ్గమెక్కుడు నీకెందుకు బిడ్డా, కండె సుట్టు" అనేవాడు. ఎక్కనివ్వలేదు గానీ ఆ మగ్గం దెబ్బ నా కాలిలోకి దిగిపోయింది. ఈసారి పాటను వదిలేసి దెబ్బను వెతికాను. నేల మీద కాలు కొడుతూ ఒక్కో రికార్డు మొదలు విన్నాను. గొంతు లేకుండా వట్టి వాయిద్యమే చాలాసేపు సాగాలి, రెంటి వడి ఒక్కటి కావాలి. కోలాటం రికార్డు ఒకటి దొరికింది. దాని జోడీ కోసం నలభై తీశాను. నలభై ఒకటోది పెండ్లి బ్యాండు.

ఎటూ చివరిసారే కదా అని స్పీకరుకు కలిపాను. కోలాటం తిరుగుతోంది. రెండో మిషను వడి వెంట్రుకంత తగ్గించి వదిలాను. రెండు దెబ్బలూ ఒక్కచోట పడ్డాయి. విడిపోలేదు.

"అమరేందర్, అప్పుడే వచ్చినవా కొడుకా?" ముందింట్లోంచి అత్త.

"ఆయన రాలే అత్తమ్మా. నేనే."

బయట కారు ఆగింది. గుమ్మంలో అమరేందర్, వెనక ఆ హైదరాబాదు ఆయన.

"బందు చెయ్యి. డబ్బాల పెట్టు" అన్నాడు అమరేందర్.

నా కాలు ఆగలేదు.

"మిగిలిన రికార్డులన్నీ తీస్కపొమ్మను" అన్నాను. "ఈ రెండూ, మిషన్లూ ఇయ్య."

"పిస లేసిందా? నల్గురు నవ్వుతరు!"

"నవ్వనియ్యి. దెబ్బ తప్పకుంటే సాలు."