అడవిదున్న కదిలేదాకా

ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచీ వెంకటసుబ్బారావుకీ గట్టయ్యకీ మాటల్లేవు. అయినా శనివారం పొద్దున్నే ఇద్దరూ గోల్ఫ్ ఆడటానికి వస్తూనే ఉన్నారు. మధ్యలో నలిగేవాడు శేషాద్రి.

"బంతి రాయి వెనక పడిందని వారికి చెప్పండి," అనేవాడు సుబ్బారావు. గట్టయ్య పక్కనే ఉండేవాడు.

"రాయి వెనక పడిందంటప్పా," అనేవాడు శేషాద్రి.

"చూసిన అని చెప్పు," అనేవాడు గట్టయ్య.

వాళ్ళు ఆడేది క్లబ్బులో కాదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ళు దాటాక బండలూ తంగేడు పొదలూ ఉన్న ఖాళీ జాగా ఒకటుంది. అక్కడ పాలపొడి డబ్బాలు నేలలో పాతి, అవే గుంటలన్నారు. డబ్బా చుట్టూ చదును చేసిన చోటుని గ్రీన్ అనేవాళ్ళు గానీ అక్కడ గడ్డిపోచ ఉండదు, అంతా ఎర్రమట్టే. ఇదంతా శ్యామలాంబ పుణ్యం. ఆవిడది హనుమకొండ. క్యాంపస్‌లో ఆటల విభాగంలో పనిచేసి రిటైరైంది. స్టోర్‌రూంలో ఎవరికీ అక్కర్లేకుండా పడున్న గోల్ఫ్ కర్రల సంచి ఒకటి తెచ్చుకుని, పొద్దుటి నడకకి వచ్చేవాళ్ళలో పొట్టలు బాగా పెరిగిన ముగ్గుర్ని ఏరి పట్టుకుంది. "ఉత్తగ నడుసుడు ఎందుకు, కొట్టుకుంట నడువున్రి," అని ఆట నేర్పింది. ఆ ముగ్గురిలో సుబ్బారావు ఇన్సూరెన్స్ కంపెనీలో రిటైరైన తెనాలి మనిషి, తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. గట్టయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఇంజనీరు, క్వార్టర్స్‌లో ఉంటాడు. శేషాద్రిది ప్రొద్దుటూరు, క్యాంపస్‌లో జియాలజీ ప్రొఫెసరు.

మాటలు ఆగిపోయింది ఇలా. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. జూలైలో ఒక మధ్యాహ్నం క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలింది. ఆ పొగకి తార్నాకలో కిటికీలు మూసుకున్నవాళ్ళకి కూడా కళ్ళు మండాయి. మర్నాడు చౌరస్తాలో చాయ్ తాగుతూ సుబ్బారావు, "చదువుకోమని పంపితే రోడ్డెక్కితే ఇంతే మరి. మీవాళ్ళకి చెప్పే పెద్దదిక్కు లేదండీ," అన్నాడు. గట్టయ్య సగం తాగిన కప్పు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. అతని కూతురు స్వరూప రీసెర్చ్ చేస్తోంది. ఆ పరుగుల్లో కిందపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుందని శేషాద్రి చెప్పేదాకా సుబ్బారావుకి తెలీదు. తెలిశాక కూడా వెళ్ళలేదు. సుబ్బన్న కాస్తా 'రావు సార్' అయ్యాడు. గట్టయ్య 'గట్టయ్యగారు' అయ్యాడు.

సెప్టెంబరులో ఊటీ ప్రయాణం. అది శ్యామలాంబ కోరిక. చచ్చేలోపు ఒక్కసారి నిజమైన గడ్డి మీద ఆడాలంది. నీలగిరి కొండల మీద, ఛాంపియన్‌షిప్పులు జరిగే గోల్ఫ్ కోర్సులో, కూనూరులో ఉన్న పాత శిష్యురాలి ద్వారా ఒక ఆదివారానికి అనుమతి సంపాదించింది. టికెట్లు ఎప్పుడో కొన్నారు. తీరా వెళ్ళే సమయానికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటడం లేదు, కాలేజీలకి తాళాలు.

"ఊరంత సమ్మెల ఉంటే నేను బంతి కొట్టనీకి పోతే ఏం మంచిగుంటది మేడమ్?" అన్నాడు గట్టయ్య.

"నేను గూడ జై అన్నదాన్నే గట్టయ్యా. రెండు దినాలు గాలి మార్చుకుంటే తెలంగాణ ఏం అలగది. వచ్చినంక ఇద్దరం పోయి సమ్మె టెంట్ల కూసుందాం," అంది శ్యామలాంబ. ఆవిడ మాట ఎవరూ కాదనరు.

రైల్లో గట్టయ్య భార్య లచ్చమ్మ కట్టిచ్చిన డబ్బా విప్పితే జొన్నరొట్టెలు, సకినాలు, వంకాయ కూర నలుగురికీ సరిపడా ఉన్నాయి. సుబ్బారావు భార్య అమ్మాజీ, కూతురు స్నిగ్ధ పురిటికని జూలై నుంచీ విశాఖలోనే ఉంది, అందుకని ఆయన తెచ్చింది అరటిపళ్ళు మాత్రమే. రొట్టెలు శేషాద్రి చేతుల మీదుగా ఇటు వచ్చాయి, అరటిపళ్ళు అటు వెళ్ళాయి.

"నేను మనిషినా, టికెట్ కౌంటర్‌లో కిటికీనా?" అని విసుక్కున్నాడు శేషాద్రి.

కొండెక్కారు. కనుచూపు మేరా పచ్చటి గుట్టలు, ఒకదాని వెనక ఒకటి. పైన తైలం చెట్ల వాసన. శ్యామలాంబ వంగి అరచెయ్యి గడ్డి మీద పెట్టి కాసేపు అలాగే ఉంది. "గింత మెత్తగ ఉంటదా," అంది తనలో తనే. లేచి కళ్ళద్దాలు తుడుచుకుని, టీచరమ్మ గొంతు తెచ్చుకుంది.

"ఇయ్యాల జంటలు. జంటకి ఒక్కటే బంతి. ఒకసారి ఒకరు కొడితే, అది యాడ పడ్డా ఆడికెల్లి రెండోవాళ్ళు కొట్టాలె. నేనూ శేషాద్రీ ఒక జంట. మిగిలినోళ్ళు మీరిద్దరు."

ఇద్దరూ ఒకేసారి శేషాద్రి వంక చూశారు. "నా వైపు చూడాకండి," అని అతను సంచి భుజాన వేసుకున్నాడు, హాయిగా.

ఆట ఘోరంగా సాగింది. సుబ్బారావు జాగ్రత్త మనిషి, బంతిని తిన్నగా కొడతాడు గానీ అది ఎక్కువ దూరం పోదు. గట్టయ్య బలం కొద్దీ బాదుతాడు, అది ఎటు పోతుందో అతనికే తెలీదు. పైగా ఆ ఎత్తులో గాలి పలచన, బంతి అనుకున్న దానికన్నా దూరం ఎగురుతుంది. ఏ కర్ర తియ్యాలో, ఎటు గురి చూడాలో ఒకరినొకరు అడగాలి కదా. అడగరు. నాలుగు గుంటలయ్యేసరికి నాలుగూ ఓడిపోయారు.

అయిదో గుంట దగ్గర మంచు దిగింది. శ్యామలాంబ, శేషాద్రి ముందుకి వెళ్ళిపోయి అందులో కలిసిపోయారు. గట్టయ్య బాదిన బంతి అడవి అంచుకి పోయింది. సంచి మోసే కేడీ వెంట ఇద్దరూ వెతుక్కుంటూ వెళ్ళారు. ముందు నడుస్తున్న కేడీ ఉన్నట్టుండి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఎదురుగా అడవిదున్న. నల్లగా, ఆటో అంత ఉంది. మోకాళ్ళ దాకా తెల్లమేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు. ఆ కాళ్ళకి రెండడుగుల దూరంలో బంతి.

"హిల్నా మత్ సార్. అప్నే ఆప్ జాయేగా," అని, కదలొద్దు, దానంతటదే పోతుందని గుసగుసగా హిందీలో చెప్పి, పడిపోయిన మొద్దు ఒకటి చూపించి వాళ్ళని దాని వెనక కూర్చోబెట్టాడు కేడీ. ముందున్న ఇద్దరూ వెనక్కి రాకుండా చెప్పడానికి చుట్టూ తిరిగి వెళ్ళాడు.

దున్న మేస్తోంది. దానికేం తొందర లేదు.

"మనల్ని చూస్తోందా?" అన్నాడు సుబ్బారావు. రెండు నెలల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది.

"చూస్తలేదు. మేస్తున్నది."

కాసేపయ్యాక సుబ్బారావే మళ్ళీ, "మీరు అంత బలంగా కొట్టకపోతే బంతి ఇక్కడికి వచ్చేది కాదు," అన్నాడు.

"మీరు అంత మెల్లగ కొట్టకపోతే నాకు గట్టిగ కొట్టే అవుసరం లేకుండె."

"అవును లెండి. తప్పెప్పుడూ మా వైపే."

"మా అంటే ఎవరు?" గట్టయ్య గొంతు లేచింది. "మా ఎవరు, మీ ఎవరు?"

దున్న తలెత్తింది. ఇద్దరూ మొద్దు వెనక నేలకి కరుచుకుపోయారు. అది చెవులాడించి, మళ్ళీ తల దించింది. ఆ తర్వాత వాళ్ళు రెండు నెలల తగాదా అంతా గుసగుసలతోనే పడాల్సి వచ్చింది.

"ఆ దినం చాయ్ కాడ మీవాళ్ళు అన్నవ్. ఎవరు మావాళ్ళు? నా బిడ్డ."

"స్వరూప అక్కడుందని నాకు తెలీదు గట్టయ్యా. ఒట్టు."

"తెలిసినంక?"

సుబ్బారావు మొద్దు బెరడుని గోటితో గీకసాగాడు.

"నువ్వన్న మాటకు నాకు కోపం లేదన్నా. చాయ్ కాడ మస్తుమంది మస్తు అంటరు. ఇంటర్ల దానికి లెక్కలు చెప్పినోనివి నువ్వు. చేతికి కట్టు కట్టించుకుని వచ్చినకాడికెల్లి అడుగుతనే ఉండె, పెద్దనాయిన రాలేదా అని. ఏం చెప్పాలె నేను? ఊళ్ళ లేడని చెప్పిన. దానికి తెల్వదా?"

"వచ్చాను."

"ఎప్పుడు?"

"మీ సందు మొదటి దాకా. బత్తాయిలు కొనుక్కుని వచ్చాను. గోడ మీద ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోండని రాసుంది, రంగు ఇంకా ఆరలేదు. మీ గుమ్మంలో పాతికమంది కుర్రాళ్ళు కూర్చునున్నారు. నోరు విప్పితే నా మాటే పట్టించేస్తుందిగా నేనెవర్నో. భయమేసింది గట్టయ్యా. వెనక్కి తిరిగి ఎటు నడిచానో నాకే తెలీదు, మల్కాజ్‌గిరి స్టేషన్ కనబడితే అక్కడ బెంచీ మీద కూర్చున్నా."

గట్టయ్య నాలుగు గడ్డిపోచలు పీకాడు.

"మరి బత్తాయిలు?"

"తినేశాను."

"అన్ని?"

"ఏం చెయ్యను? అమ్మాజీ కూడా లేదు ఇంట్లో. రెండు రోజులు అన్నం వండుకోకుండా అవే తిన్నా."

గట్టయ్యకి నవ్వు పొంగుకొచ్చింది. దున్న వినేస్తుందని టోపీ తీసి నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే సుబ్బారావు బెదిరిపోయి, "ఏవైంది, ఊపిరాడటం లేదా?" అని వీపు రాశాడు. సంగతి తెలిశాక ఆయనకీ ఆగలేదు. ఇద్దరు పెద్దమనుషులు మొద్దు వెనక బోర్లా పడుకుని చప్పుడు లేకుండా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు.

నవ్వు తగ్గాక సుబ్బారావు అన్నాడు. "ముప్ఫయ్యేళ్ళు దాటింది తార్నాకలో. మా అమ్మని అంబర్‌పేట్ శ్మశానానికి తీసుకెళ్ళినప్పుడు ఓ పక్క నువ్వే మోశావు. తెనాలిలో ఇప్పుడు నన్ను గుర్తుపట్టే గుమ్మం లేదు. పొమ్మంటే ఎక్కడికి పోను?"

"నిన్నెవడు పొమ్మన్నడు?"

"గోడ."

"గోడ మీద రాసినోడు నీతోని ఇన్నేండ్లు ఆడిండా? ఆడినోన్ని నేను. నన్నడుగు."

"సరే, నిన్నే అడుగుతున్నా. మీ రాష్ట్రం వస్తే?"

"వస్తది. రావాలె. గా మాటల నేను ఎనుకకు పోనన్నా, నువ్వేమనుకున్నా సరే. మా అన్న కొడుకు డిగ్రీ పట్టుకుని వాచ్‌మన్ పని చేస్తున్నడు. ఊళ్ళె మా చెరువు నిండక ఎన్నేండ్లాయె."

"నాకిష్టం లేదు. నేనొప్పుకోను."

"ఒప్పుకోకు. ఎవరొద్దన్నరు? కొట్లాడు. గని ఇంటికొచ్చి కొట్లాడు."

సుబ్బారావు గట్టయ్య మోచేతి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

దున్న తోకెత్తి, పేడ వేసి, తీరిగ్గా నాలుగు అడుగులు నడిచి మంచులోకి వెళ్ళిపోయింది. కేడీ తిరిగొచ్చి చూసేసరికి బంతి గిట్ట గుర్తులో సగం కూరుకుపోయి ఉంది. తీసి పక్కన పెట్టుకోవచ్చన్నాడు అతను.

"నా వంతు కదా. ఉన్నచోటి నుంచే కొడతా," అన్నాడు సుబ్బారావు.

"అయితే దమ్ము పెట్టి కొట్టన్నా. ఏం కాదు, మట్టి లేస్తది."

జీవితంలో ఎప్పుడూ కొట్టనంత బలంగా కొట్టాడు. మట్టీ గడ్డీ ఇద్దరి మొహాల మీదా చిమ్మాయి. బంతి మంచులో మాయమైంది. ఎటు పోయిందో తెలీక ఇద్దరూ చెవులు రిక్కించారు. అటు నుంచి శ్యామలాంబ కేక వినిపించింది.

"ఎవరయ్యా అది? నా కాలు పోయేటిది!"

ఆ ఒక్క గుంటా గెలిచారు. మిగతావన్నీ ఓడిపోయారు. అయితే ఇప్పుడు ప్రతి బంతికీ వాదనే. ఏ కర్ర, ఎటు గాలి, నువ్వు అలా నిలబడితే ఇలాగే పోతుంది, నాకు చెప్పకు. శేషాద్రి చెవులు మూసుకున్నాడు. "మీరు మాట్లాడుకోకపోతేనే బాగుండ్య గదప్పా!" శ్యామలాంబ మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా బూట్లు విప్పేసి ఒట్టి పాదాలతో గడ్డి మీద నిలబడి కొట్టింది.

తిరుగు రైలు దిగేసరికి సాయంత్రమైంది. సమ్మె నడుస్తూనే ఉంది. ఒకే ఆటోలో నలుగురూ ఎక్కి, లాలాగూడ దగ్గర గట్టయ్య దిగుతుంటే సుబ్బారావు కూడా తన సంచి దించుకున్నాడు. శ్యామలాంబ ఆటో పోనిమ్మంది.

తలుపు స్వరూపే తీసింది. కట్టు తీసేశారు గానీ చెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది.

"ఇప్పుడా పెద్దనాయినా వచ్చేది?" అంది. నవ్వలేదు.

సుబ్బారావు సంచి కింద పెట్టాడు. "చెయ్యి ఏదమ్మా, చూడనీ," అన్నాడు. ఆమె చూపించింది. మణికట్టు పూర్తిగా వంగడం లేదు. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నొప్పుందా?"

"రాస్తే లేస్తది."

"ఏం రాస్తున్నావు?"

"థీసిస్. కృష్ణా నీళ్ళ పంపకం మీద."

"అయితే మా డెల్టా గురించి అన్నీ తప్పులే రాసుంటావు."

"ఏం తప్పు? చెప్పు, ఏం తప్పు?" అంటూ ఆమె కుర్చీ లాగి ఎదురుగా కూర్చుంది.

లచ్చమ్మ తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి తెస్తే అదీ చల్లారింది. ప్రయాణం బడలికతో గట్టయ్య మంచమెక్కి గురకపెడుతున్నాడు. సుబ్బారావు ఎంత లెక్క చెబితే స్వరూప అంతకి రెండింతలు చెబుతోంది. ఇద్దరికీ మొహాలు ఎర్రబడ్డాయి. అప్పుడే విశాఖ నుంచి అమ్మాజీ ఫోన్.

"దిగారా? ఏమైనా తిన్నారా?"

"గట్టయ్య ఇంట్లో ఉన్నాను. స్వరూపతో పోట్లాడుతున్నా."

"ఫోన్ దానికివ్వండి," అంది అమ్మాజీ.

స్వరూప ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి నడిచింది. "చూడు పెద్దమ్మా," అని మొదలుపెట్టి, ఏదో విని పకపకా నవ్వింది. లచ్చమ్మ కంచాలు పెడుతూ గట్టయ్యని తట్టి లేపింది.

"లే, అన్న ఒక్కడే కూసున్నడు," అంది.