అక్కా, నొక్కావా?

రేకుల మీద వాన.

టేపులో మొదట వినిపించేది అదే. పాట కాదు. మిల్లు గేటు ముందు నాలుగు గుంజలు పాతి వేసిన రేకుల పందిరి. దాని మీద వాన... దాని కింద సమ్మెలో ఉన్న జనం.

తర్వాత వాడి గొంతు.

"అక్కా, నొక్కావా?"

ప్రతి టేపూ అలాగే మొదలవుతుంది. పాడేది తమ్ముడు. రికార్డు చేసేది అక్క. ఇద్దరూ ఆ మిల్లులో నూలు వడికినవాళ్లే. ఆమె టేపు రికార్డరుని కొంగు కింద తడవకుండా పట్టుకుని బటన్ నొక్కేది. నొక్కాక నోరు విప్పకూడదు. మైకుకి అందరికంటే దగ్గర తనే — గట్టిగా ఊపిరి తీసినా పాట పాడైపోతుంది.

అందుకే తల ఊపేది.

తల ఊపితే టేపులో పడదు.

"మా అక్క నోరు మూతపడేది ఇప్పుడొక్కసారే, చూసుకోండి" అనేవాడు వాడు. జనం నవ్వేవాళ్లు. ఆ నవ్వుంది టేపులో. పల్లవి అందుకున్న గొంతులన్నీ ఉన్నాయి. ఎవరి బిడ్డో ఏడ్చిన ఏడుపుంది.

ఆమె గొంతు లేదు. ఒక్క చోటా లేదు.

వాడు పోయాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. జబ్బు చేసి పోయాడన్నారు మిల్లువాళ్లు. జబ్బు కాదు. మిల్లు.

ఇప్పుడు అందరికీ వాడి పాట కావాలి. శుభ్రంగా కావాలట. దగ్గు లేకుండా, జనం లేకుండా, ఆకలి లేకుండా.

స్టూడియో గది. చలి. గోడల నిండా మెత్తలు. బయట ఏమవుతున్నా లోపలికి రాదు. ఎడిటర్ మంచివాడే, కుర్చీ దగ్గరికి లాగి ఆమెని కూర్చోబెట్టాడు.

"ఈ టేపు అరిగిపోయిందమ్మా. ఇంకోసారి తిరగదు. ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించిందే మిగులుద్ది."

టేపు తిరిగింది. తెర మీద గీతలు లేచాయి.

"ఈ మొదటి మాటలు తీసేద్దామా? పాట నుంచే ఉంచుదాం."

టేపుని ఆపకుండా, అప్పటికి ఎక్కిందాన్ని వెనక్కి జరిపి మళ్లీ వినిపించాడు, తెర మీద నుంచి.

"అక్కా, నొక్కావా?"

ఆమె తల ఊపింది.

వాడికి ఊపింది. ఇన్నేళ్ల అలవాటు — మెడకి తెలుసు, మనిషికి తెలియదు.

ఎడిటర్ తనకే అనుకున్నాడు. వేలు కదిలింది. తెర మీద ఆ మాటల చిన్న గీత...

లేదు.

ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏమ్మా, వద్దా? వెనక్కి తేవచ్చు. పైవాళ్లకి పంపేశాక మాత్రం నా చేతుల్లో ఉండదు. ఒక్క మాట చెప్పండి, చాలు."

ఒక్క మాట.

వద్దు. అంతే. గొంతు దాకా వచ్చింది.

పక్కన టేపు ఇంకా తిరుగుతోంది. వాడు పాడుతున్నాడు. జనం అందుకుంటున్నారు. టేపు తిరుగుతుంటే నోరు విప్పకూడదు...

ఎడిటర్ ఆమె నోటి వైపే చూస్తున్నాడు. వేలు గాల్లోనే ఉంది.

పాట అయిపోయింది.

టేపు తిరుగుతూనే ఉంది —

రేకుల మీద వాన.