మెడకు సరిపోయే కెమెరా

బియ్యంలో రాళ్లు ఏరుతుంటే రాయేదో గింజేదో అనిత వేళ్లకు తెలియలేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు రెండూ మొద్దుబారిపోయాయి. చాట కళ్లకు దగ్గరగా పెట్టుకొని, చూసి ఏరుతోంది. వారం కింద మానుకోట దవాఖానలో డాక్టరమ్మ ఆమె మెడ అటూ ఇటూ తిప్పి, "ఏం మోస్తవమ్మా?" అని అడిగింది. కెమెరా బ్యాగు అంటే ఆమె నమ్మలేదు. "బరువు ఆపు. ఆపకపోతే చెయ్యి పోతది" అంది. ఇన్నేళ్లలో ఏం మోస్తవు అని అడిగిన మొదటి మనిషి ఆమె. అందుకే మందులచీటీ తీసుకుంటూ అనిత రెండుసార్లు దండం పెట్టింది.

ఇంట్లో మాత్రం ఆ మాట చెప్పలేదు. చెప్తే భర్త ప్రేమ్‌సింగ్ "అయితే ఇంట్ల ఉండు" అంటాడు. నొప్పికంటే ఆ మాటకే ఆమె ఎక్కువ భయపడింది.

స్టూడియో బోర్డు మీద ఉన్నది ప్రేమ్‌సింగ్ పేరొక్కటే. పెండ్లికి పోయినప్పుడు అతని మెడలో ఒక కెమెరా ఉంటుంది. మిగతాదంతా అనిత భుజాన. ఇంకో పెద్ద కెమెరా, మోచేయంత లెన్స్, ఫ్లాష్‌లు, బ్యాటరీలు, స్టాండు. పత్తి తూకం కాంటా మీద ఒకసారి పెట్టి చూస్తే పదకొండు కిలోలు తేలింది. పదేళ్లుగా మోస్తోంది. "ఫొటో తీసుడంటే తలకాయ పని. నీదేముంది, మోసుడే కదా" అంటాడు మొగుడు. మోయడం పని కాదట! మోసే మెడ మీద తలకాయ లేదన్నట్టు.

కానీ పెండ్లికూతురికి నలుగు పెట్టే గదిలోకి మొగవాళ్లను రానివ్వరు. ఆ ఫొటోలు పదేళ్లుగా తీస్తున్నది అనితే. ఎవరూ నేర్పలేదు. బ్యాటరీలు మార్చి మార్చి, తిట్లు విని విని నేర్చుకుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమె ఎవరి పెండ్లామూ కాదు, ఎవరి కోడలూ కాదు. చూసే మనిషి. ఆ చూపు పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే నోరు మూసుకొని మోసింది.

ఘనపూర్‌లో జగపతి రెడ్డి గారింటి పెండ్లిలో రజితక్క కలిసింది. మగపెళ్లివాళ్లు జనగామ నుంచి తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ ఆమె. యాభై దాటిన మనిషి, మెడలో అరచేతిలో పట్టేంత కెమెరా వేలాడుతుంటే ఒక చేత్తో లడ్డూ తింటోంది. మెట్ల మీద ఆయాసపడుతున్న అనితను చూసి నవ్వింది.

"ఏం చెల్లే, పెండ్లికొచ్చినవా, పత్తి మూట దించనీకొచ్చినవా?"

అనిత నవ్వబోయింది. ఏడుపొచ్చింది. డాక్టరమ్మ చెప్పినదంతా అక్కడే, ఆ మెట్ల మీదే కక్కేసింది. రజితక్క లడ్డూ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని చూసింది.

"నేనూ మోసిన. నడుము పోయినంక తెలివొచ్చింది. నీకు జర ముందుగాల్నే రానీ. చూడు, గంత పొడుగు లెన్స్ ఎవరికి కావాలె? దూరంకెళ్లి తీసేటోనికి. నిన్ను ఆడోళ్లు దగ్గరికి రానిస్తరు. నువ్వు రెండడుగులు ముందటికేస్తే అయిపాయె. గా రెండడుగులకు పదకొండు కిలోలు ఎందుకే?"

సంచిలోంచి తన రెండో కెమెరా తీసి, చిన్న లెన్స్ తగిలించి అనిత చేతిలో పెట్టింది. "నెల రోజులు వాడుకో. నచ్చకపోతే మళ్ల తెచ్చియ్యి." తెలంగాణ అంతా వెతికినా, పెండ్లి మెట్ల మీద పరిచయమైన మనిషికి కెమెరా ఇచ్చే మనిషి ఎందరు దొరుకుతారు? అనితకు ఒకామె దొరికింది.

ప్రేమ్‌సింగ్ చూసి పకపకా నవ్వాడు. "గిదేం బొమ్మ? పెండ్లోళ్లు ఫోను పట్టుకొచ్చిండ్రంటరు. సైజు చూసే గదనే ఇజ్జత్ ఇచ్చేది!"

తర్వాతి పెండ్లి గూడూరు దగ్గర తండాలో. పెండ్లిపిల్ల అనిత అత్త గోరీకి చెల్లెలి మనుమరాలు. లంబాడీ పిల్ల అత్తారింటికి పోయేముందు తల్లిని, పెద్దమ్మను, అవ్వను ఒక్కొక్కరినీ కావిలించుకొని పాడుతూ ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. రాగం అందరిదీ, మాటలు మాత్రం ఆ పిల్ల సొంతం. ఎవరు తనకు సద్దిమూట కట్టారో, ఎవరు జడ వేశారో, ఎవరు కొట్టారో అన్నీ అందులోనే వస్తాయి.

పిల్ల గోరీ మెడ పట్టుకుని రాగం ఎత్తుకుంది. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుమ్మంలోంచి ఫ్లాష్ భగ్గుమంది.

"ఆగాగు! జర మొఖం ఇటు తిప్పు. లైటు పడలే. మళ్లొక్కసారి ఏడువు బిడ్డా."

ప్రేమ్‌సింగ్ అలాంటి తండాలోనే పుట్టినవాడు. తన అక్కలు ఏడ్చింది చూసినవాడే. అయినా ఆ మాట అతని నోట్లోంచే వచ్చింది. పిల్ల బిత్తరపోయి ఆగిపోయింది. తెగిన ఢావ్లో అడిగితే తిరిగి రాదు. గోరీ గిరుక్కున తిరిగింది.

"ఏడుపేమన్న నీ అయ్య సొమ్మారా, మళ్ల మళ్ల ఏడువ? నా కడుపున పుట్టినోడివి, నీకీ మాట ఎట్లొచ్చెరా? ఆ ఫిరంగి ఎత్తుకొని బయటికి నడువు!"

అతను పోయాడు. మూలన కూర్చున్న అనితను ఎవరూ పొమ్మనలేదు. ఆమె దగ్గర కెమెరా ఉందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. ఒక ముసలామె ఉత్తగనే పిల్ల తల నిమిరింది. ఆ పిల్ల లోపల ఎక్కడి నుంచో సన్నగా రాగం మళ్లీ మొదలైంది. అనిత మోకాళ్ల మీద జరిగి జరిగి ముందుకు పోయింది. మీట నొక్కితే చప్పుడు లేదు, వెలుగు లేదు. ముడతలు పడ్డ గోరీ చెయ్యి పిల్ల వీపు మీద, పిల్ల ముక్కు గోరీ భుజంలో. పదేళ్లలో మొదటిసారి అనిత మెడ నొప్పి గురించి తలచుకోలేదు.

స్టూడియోలో ప్రేమ్‌సింగ్ ఆ ఫొటోలన్నీ ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. చాలాసేపటికి, "కెమెరా మంచిదే ఉన్నట్టుంది" అన్నాడు. కూర బాగుంటే పొయ్యిని మెచ్చుకున్నట్టు.

మర్నాడు పొద్దున ఇంట్లో అనిత నోరు తెరిచింది. "నా చెయ్యి పనిచేస్తలేదు. డాక్టరమ్మ బరువొద్దన్నది. నాకు గిసొంటి కెమెరా కావాలె."

"చెయ్యి పనిచేయకుంటే ఇంట్ల ఉండు. మోసుడుకు మన వాడల హరీశ్‌గాన్ని పెట్టుకుంట. పరేషాన్ ఎందుకు?" అన్నాడు. కోపం కూడా లేదు. బండి తీసి, నర్సింహులపేట పెండ్లివాళ్లతో మాట్లాడాలని పోయాడు.

పదేళ్లు దాచుకున్న భయం ఇంత తేలిగ్గా నాలుగు మాటల్లో అయిపోయింది. అనిత గోడకు ఆనుకొని కూర్చుంది. వంటింట్లోంచి గోరీ వచ్చింది. మొలలో దోపిన తాళంచెవి తీసి బీరువా తెరిచింది. రెండు చేతులతో ఆ పెద్ద లెన్స్ ఎత్తి, ఒక్క నిమిషం అట్లనే పట్టుకుని నిలబడింది.

"అబ్బా, గింత బరువుందా? నేను కట్టెల మోపు మోసిన, నీళ్లు మోసిన. నువ్వూ మొయ్యాలె, ఏమైతది అనుకున్న. తప్పు నాదే బిడ్డా." కోడలి ఒళ్లో పెట్టింది. "దీని కాయితం నీ పేరు మీదనే గదా? మహిళా సంఘంల దీని అప్పుకు సంతకం పెట్టింది నువ్వే గదా? తీస్కపో. నువ్వు తీసిన ఫొటోలు చూసిన, నా మొఖం నేను గట్ల ఎన్నడు చూసుకోలే. నా దిక్కు గంత మంచిగ చూసినోళ్లు ఇంట్ల కూసునేది లేదు."

"యాడీ..." అంది అనిత. యాడీ అంటే తల్లి. మెట్టినింట్లో ఎన్నోసార్లు ఆమెను అట్లా పిలిచింది. ఆ రోజు నిజంగా పిలిచింది.

మధ్యాహ్నం రైలెక్కి జనగామలో దిగింది. రజితక్క స్టూడియోలో పాత సామాను మార్పిడి కూడా ఉంది. ఆమె లెన్స్‌ను వెలుగుకు పెట్టి చూసి, తలూపి, అనిత వెంట తెచ్చిన ఆ నెల రోజుల చిన్న కెమెరానే, ఇంకో రెండు చిన్న లెన్స్‌లతో కలిపి అనిత ముందుకు జరిపింది. కాగితం మీద అనిత పేరు రాసింది. అనిత వంగి కాళ్లు పట్టుకోబోతే, "వంగకు! డాక్టరమ్మ వద్దన్నది" అని కసిరింది. ఇద్దరూ నవ్వారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో ఉన్న సంచి పసిపిల్లంత బరువు కూడా లేదు. అనిత మనసులో ఒక్కొక్కరికీ దండం పెట్టుకుంటూ పోయింది. అడిగిన డాక్టరమ్మకు. ఇచ్చిన రజితక్కకు. తాళం తీసిన యాడీకి. ఆగిన ఏడుపును తన ముందు మళ్లీ ఎత్తుకున్న ఆ పిల్లకు. మొగుడికి పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుండగానే ఫోను మోగింది.

"బీరువాల పెద్ద లెన్స్ లేదు. ఏడ పెట్టినవే?"

"ఇచ్చి నా కెమెరా తెచ్చుకున్న."

"నన్ను అడగొద్దా? ఎల్లుండి నర్సింహులపేట పెండ్లి ఒప్పుకున్న. హరీశ్‌గాడు రానన్నడు. బ్యాగు ఎవరు మోస్తరు?"

"అది నాకు తెల్వదు" అంది అనిత. "నేను ఫొటోలు తీయనీకి వస్తున్న."