బుట్టకి కట్టిన పెన్సిల్

రెండు కార్ల గరాజ్ ఉండి కూడా, అరోరాలో జనవరి పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీక్కోవడం ఎంత దరిద్రమో గీకేవాడికే తెలుస్తుంది. పక్కింటి రాజారావుగారు వేడి సీట్లో కూర్చుని నాకు చెయ్యూపి వెళ్తారు. నా గరాజ్‌లో కారు పట్టదు. అందులో గుండ్రటి బల్ల, మడత కుర్చీలు, హీటర్ ఉన్నాయి. మా అమ్మాయి ఉజ్వల కూడా అక్కడే ఉంది.

అంటే, అస్థికలు. పోయి ఏడాది దాటింది. పదిహేడేళ్ళు.

గోదావరిలో కలపాలి. వీసా స్టాంపింగ్‌కి స్లాట్ దొరకలేదు. స్టాంప్ లేకుండా ఇండియా వెళ్తే తిరిగి రానివ్వరు. అస్థికలు ఇంట్లో ఉండకూడదు, బయట చెట్టుకి కట్టండన్నారు పంతులుగారు ఫోన్లో. దీపావళి లైట్లు ఒక్కరోజు ఎక్కువుంటేనే మా కాలనీ అసోసియేషన్ నోటీసు పంపుతుంది.

"గరాజ్ ఇంటి కిందకి వస్తుందా పంతులుగారూ?"

"ఏం చేస్తారందులో?"

"వేపుళ్ళు. ఇంట్లో వాసన రాకుండా."

"అయితే పెరడనుకోండి."

బల్ల వేయించింది మదాం ఒదీల్. ఉజ్వలకి స్కూల్లో ఫ్రెంచ్ చెప్పింది. అందరి పిల్లలూ స్పానిష్ తీసుకుంటున్నారు, ఫ్రెంచ్ అయితే కాలేజీ అప్లికేషన్లో వేరుగా కనబడుతుందని నేనే తీసుకోమన్నాను. నూట డెబ్బై ఏళ్ళ కిందట పారిస్‌లో చదువుకున్నవాళ్ళే బల్లల చుట్టూ కూర్చుని చనిపోయినవాళ్ళతో మాట్లాడేవారట. చర్చి వద్దంది. వాళ్ళు మానలేదు. మదాం ఇంట్లో ముత్తవ్వ నుంచీ అదే ఆచారం. చిన్న బుట్టకి పెన్సిల్ కట్టి, ఆవిడా మా ఆవిడ వసుమతీ చెరోవైపు వేళ్ళు ఆనిస్తారు. పెన్సిల్ కాగితం మీద ఫ్రెంచ్‌లో రాస్తుంది. మదాం పైసా తీసుకోదు. తీసుకుంటే మోసమని హాయిగా అనుకునేవాణ్ణి.

ఏడాదిగా అన్నం సరిగ్గా తినని వసుమతి ఇప్పుడు ప్రతి ఆదివారం చీర కట్టుకుని బల్ల దగ్గరికి పులిహోర చేస్తోంది. ఈమధ్య స్లాట్ దొరికిందని చెప్తే, "కాన్సిల్ చేసేయండి. అది వెళ్ళనంటోంది" అంది.

మొన్న ఆదివారం బుట్ట మీద వేళ్ళు పెట్టి కొత్త ప్రశ్న అడిగింది. "అంత మంచులో ఎందుకు బయల్దేరావే తల్లీ?"

పెన్సిల్ కదిలింది. మదాం చదివి, నా వైపు చూసి, "హర్ ఫాదర్ నోస్" అంది.

"మీకు తెలుసా అండీ?"

"నాకు ఫ్రెంచే రాదు కదా."

"నేనడిగింది ఫ్రెంచ్ గురించి కాదు." వసుమతి కాగితం మడిచి దాచుకుంది. "వచ్చే ఆదివారం మళ్ళీ ఇదే అడుగుతా. మొత్తం రాసేదాకా లేవను."

ఉజ్వల మంచులో బయల్దేరిన ఆ శనివారం వసుమతి నోముకి వెళ్ళింది. ఎయిర్ ఫ్రయర్ రిటర్న్ చేయడానికి అదే ఆఖరి రోజు. మూడు నెలలు వాడాం, బానే పనిచేసింది. అయినా గడువులోపు వాపసిచ్చేయడం మనవాళ్ళందరికీ అలవాటేగా.

"నాన్నా, ఇట్స్ స్నోయింగ్. రేపు వెళ్తా, ప్లీజ్."

"రేపు తీసుకోరమ్మా. నాకు ఆఫీస్ కాల్ ఉంది. పది నిమిషాల్లో వచ్చేస్తావ్."

కారు తుక్కయింది. వెనకసీట్లో ఎయిర్ ఫ్రయర్‌కి గీత కూడా పడలేదు. వసుమతి చూడకుండా అటకెక్కించాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

నేను బల్లల్ని నమ్మను. పెన్సిల్ని మదామే తోస్తుందని నా అనుమానం. పెన్సిల్ నిజం రాస్తే వసుమతి నాతో ఉండదు. రాయకపోతే, ఇన్నాళ్ళూ ఆ బల్ల దగ్గర మా ఉజ్వల లేనట్టే. అది విని వసుమతి బతుకుతుందా? నేనే ముందు చెప్పేయనా? చెప్తే ఎలా మొదలుపెట్టాలి, ఎయిర్ ఫ్రయర్ దగ్గర్నుంచా? మీలో ఎవరైనా ఇలాంటిది భార్యకి చెప్పి బతికుంటే, దండం పెడతాను, ఎలా చెప్పారో రాయండి. ఆదివారం రెండింటికి కుర్చీలు వేయాలి.